నేలను తాకని పరావలయం

ఘాజియాబాద్ వెళ్లే మెట్రోలో ఒక నర్సు లేచి సీటిస్తే వద్దన్నాను. తాతల నాటి జమీందారీ ఎస్టేటు పోయినా, ఒకరు జాలిపడి ఇచ్చిన చోట కూర్చునే అలవాటు మా ఇంట్లో లేదు. ఆమె మళ్లీ కూర్చుని, కూతురి లెక్కల పుస్తకం తెరిచి తెలుగులో గొణుక్కోసాగింది. గీత ఎక్స్ అక్షాన్ని ఎక్కడ ఖండిస్తుందో కనుక్కోవడానికి ఎక్స్‌నే సున్నా చేస్తోంది.

ఉండబట్టలేకపోయాను. "ఆ అక్షాన్ని నేల అనుకోండమ్మా. నేల మీద ఎత్తెంత?"

"సున్నా. అచ్ఛా, వైని సున్నా చేయాలన్నమాట. రేపు మా పాపకి టెస్ట్ అంకుల్. నేను నేర్పిస్తానంటే 'మమ్మీ, ఆప్ సే నహీ హోగా' అంది, నా వల్ల కాదట."

మొదటి లెక్కలో సరళరేఖ నేలను ఒక చోట తాకింది. రెండో దానిలో గిన్నెలా వంగిన పరావలయం రెండు చోట్ల తాకింది. మూడో లెక్క ఇంకో పరావలయం, ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఒకటి. ఆమె ఏ సంఖ్య వేసినా సున్నా రాలేదు.

"అది నేలను తాకదు. వై అక్షాన్ని మాత్రం ఒకటి దగ్గర ఖండిస్తుంది," అన్నాను.

ఆమె తలెత్తి నిటారుగా ఉన్న నన్ను చూసింది. "మీలాగే అంకుల్. కాళ్లు లాగుతున్నా కిందికి దిగరు."

ఇద్దరం నవ్వాం. ఆమె పక్కకు జరిగింది. కూర్చుని, ఆ పరావలయం గీసి చూపించాను.

దిగేముందు ఆమె ఇంటికి ఫోన్ చేసింది. "పెన్సిల్ చెక్కి ఉంచు. నేను చెప్తా."

ఇప్పుడు మెట్రోలో ఎవరు జరిగినా కూర్చుంటున్నాను.