పావుచుట్టు బాబాయి

మా బాబాయి తన జన్మలో ఏ పనీ పూర్తయిందని ఒప్పుకున్న మనిషి కాదు. ఎంత బాగా చేసినా ఇంకో పావు చుట్టు తిప్పాల్సింది మిగిలే ఉంటుందని ఆయన సిద్ధాంతం. అందుకని వీధి వీధంతా ఆయన్ని పావుచుట్టు బాబాయి అనేది. ఆయనకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా బాబాయి అనే పిలిచేవాళ్లు.

ఒకసారి వంటింట్లో కుళాయి కారుతోందని పిన్ని అంది. బాబాయి పది నిమిషాల్లో ఆపేశాడు. అక్కడితో ఊరుకుంటే ఆయన బాబాయి ఎందుకవుతాడు? భోజనం మధ్యలో లేచి వెళ్లి ఇంకో పావు చుట్టు తిప్పాడు. కుళాయి ఊడి చేతికొచ్చింది. మేమందరం కంచాలు పట్టుకుని మంచాలెక్కాం. నలభై ఏళ్లు కాపురం చేసినా తను నచ్చిందో లేదో ఈ మనిషి ఇంకా తేల్చి చెప్పలేదని పిన్ని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది. బాబాయి అది విని, తొందరేముందిలే అనేవాడు.

ఆయన పని పాత మోటారుసైకిళ్లకు మళ్లీ ప్రాణం పోయడం. ఆయన షెడ్డుకీ నా జిరాక్సు షాపుకీ మధ్య ఒకటే గోడ, అదీ నడుమెత్తు వరకే. కాబట్టి ఆయన చాదస్తంలో సగం వాటా నాది. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఆయిల్ వాసన కోసం ప్రాణం కొట్టుకుంటుంది గాని, అప్పట్లో మాత్రం ఒళ్లు మండేది.

డ్రిల్లు మాస్టారి బండి వచ్చాక అది మరీ ఎక్కువైంది. నన్ను ఆరేళ్లు ఎండలో నిలబెట్టిన మహానుభావుడు ఆయన. బడికి ఆ బండి మీదే వచ్చేవారు. ఆ చప్పుడు వినబడితే గోడ దూకబోతున్నవాళ్లం కూడా బుద్ధిగా లోపలికే దిగేవాళ్లం. రిటైరయ్యాక బండి ఇరవై ఏళ్లు మూలపడి ఉండి, చివరికి నాలుగు గోనెసంచుల్లో బాబాయి దగ్గరికి వచ్చింది. బాబాయి దాన్ని ఒక్కొక్క ముక్కా కూర్చుతూ ఉండగానే మాస్టారికి పక్షవాతం వచ్చింది. మనిషి లేచి తిరిగారు గాని ఎడమ చేతిలో పట్టు పోయింది. రోజూ పిసకమని డాక్టరు రబ్బరు బంతి ఇస్తే, నేనేం పసిపిల్లాణ్ణా అని దాన్ని పక్కింటి కుక్కకు వేశారట.

బండి ఒక రూపానికి వచ్చాక వాళ్లమ్మాయి షెడ్డుకు వచ్చి ఉన్న సంగతి చెప్పింది. బండి కొంటానని ఒకాయన తిరుగుతున్నాడు. మూడు నెలలు చూస్తానని, ఈలోగా నాన్న క్లచ్ నొక్కి బండి నడపగలిగితే సరేనని, లేకపోతే ఇచ్చేస్తానని ఆవిడ ఆయనకు చెప్పిందట. కళ్లెదురుగా బండి ఉంటే ఏదో ఒకరోజు ఎక్కి పడిపోతారని ఆవిడ భయం. అమ్మేస్తానన్న రోజు నుంచి నాన్న సరిగ్గా అన్నం తినడం లేదని కూడా ఆవిడే చెప్పి కళ్లు తుడుచుకుంది.

మర్నాడు మాస్టారు వచ్చి ఎడమ చేత్తో క్లచ్ లీవరు పట్టుకున్నారు. అది వెంట్రుక వాసి కూడా కదల్లేదు. ఆయన ఆ చేతిని చూసుకున్న చూపు నేను గోడ మీంచి చూశాను. చిన్నప్పుడు ఆయన పోతే బాగుండని మొక్కుకున్నవాణ్ణే, ఆ రోజు ఆ లీవరు కదిలితే చాలని మొక్కుకున్నాను.

"తప్పు మీ చేతిది కాదు మాస్టారూ, క్లచ్ బరువుగా ఉంది. నాదే పొరపాటు. సర్దుతాను, సోమవారం రండి" అన్నాడు బాబాయి.

సోమవారానికి లీవరు కదిలింది. మాస్టారి మొహం వెలిగింది. నేను హమ్మయ్య అనుకున్నాను. బాబాయి మాత్రం ఇంజను దగ్గర చెవి పెట్టి, కేబులు సర్దుకోవాలి, ఓ ఇరవైసార్లు నొక్కండన్నాడు. ఇరవై అయ్యాక, ఇంకో పావు చుట్టు ఉంది, గురువారం రండన్నాడు. గురువారం ముప్పై నొక్కించాడు. మళ్లీ పావు చుట్టు. మాస్టారు ప్రతిసారీ తిట్టడం, బాబాయి ప్రతిసారీ నాదే పొరపాటు అనడం. నొక్కేటప్పుడు మాస్టారు పాత అలవాటుకొద్దీ పైకి లెక్కపెట్టేవారు. ఆ లెక్క వింటూ నేను నాలుగు కాపీలు అడిగినవాళ్లకు పదిహేడు తీసి ఇచ్చేవాణ్ణి.

మూడు నెలలు ఇలాగే గడిచిపోయాయి. ఆదివారం కొనే ఆయన వస్తున్నాడనగా, శనివారం నాకు ఓపిక నశించింది. నీ పావు చుట్ల పిచ్చితో మాస్టారి బండి పరాయిపాలు చేస్తున్నావని బాబాయిని కడిగేశాను. ఆయన పానా తుడుచుకుంటున్నాడు. అసలు ఏం సర్దాడో చూద్దామని గోడ దాటి వెళ్లి లీవరు నొక్కాను. నా ఎడమ చేతి వేళ్లు విరిగినంత పనైంది. రెండు చేతులూ వేస్తే గాని పూర్తిగా రాలేదు.

"ఇదేంటి బాబాయ్, తేలిక చేస్తున్నానన్నావుగా?"

"సర్దుతున్నానన్నాను. ఎటువైపో ఆయన అడగలేదు" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. లోపల స్ప్రింగులు బిగిస్తే క్లచ్ బరువు, వదులు చేస్తే తేలిక. మరీ వదులైతే ఇంజను అరుస్తుంది గాని బండి కదలదు. మొదటిరోజు సాయంత్రం వాటిని పూర్తిగా వదులు చేసేశాడట. ఆ తర్వాత మాస్టారు వచ్చి వెళ్లిన ప్రతిసారీ పావు చుట్టు చొప్పున బిగిస్తూ వచ్చాడట. ఇప్పుడది మొదటి బరువుకే వచ్చింది.

"మరి ఆ ముక్క ఆయనతో చెప్పొచ్చుగా?"

"చెబితే అది వ్యాయామం అవుతుందిరా. ఆయన జన్మంతా పక్కవాళ్లతో చేయించిన మనిషి. తను చేస్తాడా?"

బాబాయ్ అని ఆ ఆయిల్ చేతులు పట్టుకుంటే, చొక్కా పాడవుతుంది పోరా అని విదిలించుకున్నాడు.

ఆదివారం కొనే ఆయన ముందుగా బండి ఎక్కి క్లచ్ నొక్కి మొహం చిట్లించాడు. "ఇంత బరువేంటండీ?"

"ఏం బరువు నాయనా? దీన్ని తేలిక చెయ్యడానికి ఈయన మూడు నెలలు కష్టపడ్డాడు" అంటూ మాస్టారు ఆయన్ని దించి తను ఎక్కారు. బాబాయి కిక్కు కొట్టాడు. మాస్టారు క్లచ్ నొక్కి, గేరు వేసి, మెల్లగా వదిలారు. ఆ పాత చప్పుడు వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చేసరికి, నా అంతట నేనే నిటారుగా నిలబడి ఉన్నాను. వాళ్లమ్మాయి ఏడుస్తూ నవ్వుతూ కొనే ఆయనకు నమస్కారం పెట్టి, ఏమీ అనుకోవద్దంది.

బండి మాత్రం షెడ్డు దాటి నాలుగడుగులు అవతల ఆగింది. ఆ పాత బండికి బ్రేకు ఎడమ కాలి కింద ఉంటుంది. దిగి నడిచి వస్తున్న మాస్టారి ఎడమ కాలు కొద్దిగా ఈడుస్తోంది. బాబాయి ఆ కాలిని చూశాడు, బ్రేకును చూశాడు, తల గోక్కున్నాడు.

"మాస్టారూ, బ్రేకు కొంచెం గట్టిగా ఉన్నట్టుంది. నాదే పొరపాటు. సోమవారం ఓసారి రండి."