చిన్నాయిన వీడియోల చివరి ఇరవై సెకన్లు

మా చిన్నాయిన పోయిన నెల శామీర్‌పేటలో తన ఇంట్లోనే కన్నుమూశాడు. ఫోన్లో లారీలు నడిపే ఆట ఆడుతూ, ఆడినంతసేపూ కబుర్లు చెప్పే ఆయన గొంతు మీలో కొందరు విని ఉంటారు. ఆ గొంతు ఆయనకంటే ముందే పోయింది.

మాది చెరువులో చేపలు పట్టే కుటుంబం. చిన్నాయిన మాత్రం కరీంనగర్ రోడ్డు మీద ఆటో నడిపేవాడు. చిన్నప్పుడు నన్ను బడి దగ్గర దింపుతూ దారంతా ఏదో ఒకటి చెప్పి నవ్వించేవాడు. తర్వాత గిరాకీ లేనప్పుడు ఆటోలోనే కూర్చుని ఆట ఆడి, మాటలతో సహా రికార్డు చేసి తన ఛానెల్లో పెట్టడం మొదలుపెట్టాడు. ఘాట్ రోడ్డులో లారీ బోల్తా పడితే "అయ్యో, టమాటలన్నీ పచ్చడైపాయె" అని తనే ముందు నవ్వేవాడు. చివర ఎప్పుడూ ఒకటే మాట: "అయిపాయెనని పోకుండ్రి. ఇంకో లోడున్నది, ఎక్కుండ్రి."

నాలుక మీద పుండు లేచింది. క్యాన్సర్ అన్నారు. నాలుక చాలావరకు తీసేశారు. ఇంటికి వచ్చాక చిన్నాయిన ఏదో చెప్పబోయాడు. వచ్చిన చప్పుడుకి తనే బెదిరి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. చిన్నమ్మ గోడ వైపు తిరిగి ఏడ్చింది.

కొన్నాళ్లకు మళ్లీ ఆడాడు, మాట లేకుండా. జనం సగంలోనే వెళ్లిపోయారు. "మూగ వీడియోలేంది అన్నా, మాట్లాడు" అని ఎవరో కింద రాశారు. అది చదివి ఫోన్ బోర్లించి పెట్టాడు. మర్నాడు నన్ను పిలిపించాడు. నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. ఫోన్లో టైప్ చేసి చూపించాడు: "ఆఖర్ల డబ్బాలు వెట్టుడు నేర్పు బిడ్డా."

వీడియో చివరి ఇరవై సెకన్లలో తెర మీద చిన్న పెట్టెలు వస్తాయి, వేలు పెడితే ఇంకో వీడియోకి తీసుకుపోతాయి. చిన్నాయిన అడిగింది వాటినే. మాట లేని ప్రతి వీడియో చివరా మాట ఉన్న పాత వీడియో ఒకటి ఉండాలి. ఆ పాతదాని చివర ఇంకో పాతది. వచ్చినవాళ్లు తన గొంతు దగ్గరే తిరుగుతూ ఉండాలి. ఆ చివరి సెకన్లలో కనపడేలా లారీ వెనక భాగం బొమ్మ ఒకటి తయారుచేసి, పెట్టెకి మధ్యలో చోటు వదిలాం. పెట్టె పక్కకు జరిగి ఎర్రలైటును కప్పేస్తే ఊరుకునేవాడు కాదు, సరిచేయించేవాడు.

ఈలోగా రోగం గొంతులోకి దిగింది. మంచినీళ్లు కూడా మింగలేకపోయేవాడు. అయినా "జల్దీ, జల్దీ" అని టైప్ చేసేవాడు.

"గా ఫోన్ పక్కకు వెట్టయ్యా. జరసేపు నా మొకం జూడు" అని చిన్నమ్మ బతిమాలింది.

ఆమెను చూశాడు. కళ్లనిండా నీళ్లు. నా వైపు తిరిగి టైప్ చేశాడు: "నా మాట ఇగ ఎవలు ఇంటరు?" నేను తర్వాతి వీడియో తెరిచాను. ఇంకా ఎన్నో వీడియోలు మిగిలే ఉన్నాయి.

ఆఖరి వీడియోకి ఏది తగిలించమంటావని అడిగాను. ఎవరూ పెద్దగా చూడని పాతదొకటి చూపించాడు. అందులో లారీ మలుపు తిరుగుతుండగా చిన్నమ్మ లోపల్నుంచి కేకేస్తుంది: "బువ్వ సల్లగైతాంది, వస్తవా రావా?" "వస్తున్ననే" అని చిన్నాయిన లారీని నడిరోడ్డు మీదే వదిలేసి లేచిపోతాడు.

దినాలైపోయాక చిన్నమ్మ గిన్నెలు కడుగుతూ, "గా ఆఖరిది జూపియ్యి బిడ్డా" అంది. ఆమె ముందు ఫోన్ పట్టుకున్నాను. లారీ చప్పుడు లేకుండా పోయి పోయి ఆగింది. పెట్టె వచ్చింది.

"దాన్ని ఒత్తు చిన్నమ్మా. మాట్లాడ్తడు."

తడి వేలితో ఒత్తింది. తెర కదల్లేదు. కొంగుకు తుడుచుకుని ఒత్తింది. కొంగు కూడా తడిసే ఉంది.

"వస్తలేడేంది? బిడ్డా, వస్తలేడు..."

గాజు మీద నీటిచుక్కలు చెదిరిపోతున్నాయి. నీళ్లకు నాని ముడతలు పడిన ఆ వేలు, వాటి మధ్య, మళ్లీ మళ్లీ ఒత్తుతోంది.