దివాన్‌ఖానాలో మామ మర్యాద

ఇల్లు కూలి మునిగినవాళ్లను మీరు చూసే ఉంటారు. ఇల్లు బాగుచేసి మునిగినవాణ్ని చూడాలంటే నన్ను చూడండి.

కోస్గిలో కొత్తగా వకాలతు మొదలుపెట్టిన రోజుల్లో ఒక పాత బంగళా చవగ్గా దొరికింది. ముందువైపు పెద్ద దివాన్‌ఖానా కట్టి, అధికారులను విందులకు పిలిచి, ఇంటికి పేరొచ్చాక మంచి ధరకు అమ్మి హైదరాబాదు చేరాలని నా ఎత్తు. మా ఆవిడ వంటింటికి ఒక పొగగొట్టం పెట్టించమంది. వంటింటిని ఏ అధికారి చూస్తాడని కసిరి, దివాన్‌ఖానాకు షాబాదు బండలు పరిపించాను. అంతటితో ఊరుకున్నానా? నల్లగొండ వైపు రామన్నపేటలో మా ఆవిడ పుట్టింటివాళ్ల పెళ్లికి వెళ్లి, మా ఇంట్లో ఊరంతటికీ ఒకే పంక్తిలో వడ్డించవచ్చని, ఎప్పుడైనా రమ్మని, కనబడ్డ చుట్టానికల్లా చెప్పాను.

వచ్చారు. అధికారులు కాదు. నల్లగొండ పల్లెల మీద రజాకార్ల దాడులు పెరిగేసరికి, మా ఆవిడ మేనమామ ఇంటిల్లిపాదినీ, బర్రెలనూ, రోలునూ వెంటబెట్టుకుని దిగాడు.

"నువ్వు గంతగనం పిలిస్తివి గద అల్లుడా, రాకుంటె ఏమనుకుంటవో అని వచ్చినం" అన్నాడు.

ప్రాణభయంతో వచ్చినవాళ్లను పొమ్మంటానా? కానీ మిలిటరీ వచ్చింది, రజాకార్లు పోయారు. రాజ్యమే సర్దుకుంది గాని మామ మాత్రం మూట సర్దలేదు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంట్లో పెళ్లివారంతా కాపురం పెడితే ఏం చూడాలో ఒక్కరూ చెప్పలేదు!

మరుసటి వానకాలం నారాయణపేట నుంచి ఒక చీరల వ్యాపారి ఇల్లు చూడ్డానికి వచ్చాడు. కప్పు కారే చోట మరకలకు సున్నం కొట్టించి, చుట్టాలను తోటకు పంపాను. పెద్దమనిషి వస్తుంటే తాను లేకపోవడం మర్యాద కాదని మామ తలపాగా చుట్టుకుని కూర్చున్నాడు.

వ్యాపారి తివాచీ మీద కూర్చోగానే మామ లేచాడు. "సేటూ, జర ఇటు జరుగున్రి. వాన పడితె గాడ నెత్తిమీదనే కారుతది."

మామకు వయసు మీదపడి ఏదో అంటున్నాడని నేను నవ్వాను.

"ఏదో అంటున్ననా? నిన్న గాడ గంగాళం పెట్టింది నువ్వే గద అల్లుడా?"

వ్యాపారి పైకి చూశాడు. తర్వాత పెరట్లో బర్రెలను చూసి, ఇల్లు కొంటే ఈ సంసారమంతా ఎప్పుడు ఖాళీ చేస్తుందని అడిగాడు. మామ ఆయన చెయ్యి ఆప్యాయంగా పట్టుకున్నాడు.

"ఖాళీ ఏంది సేటూ? గింత పెద్ద ఇంట్ల మీరొక్కరే ఎట్ల ఉంటరు? మేం యాడికీ పోం. మీతోటే ఉంటం. ఏం ఫికర్ చెయ్యకున్రి."

వ్యాపారి చెప్పులు చేత్తో పట్టుకునే వీధి దాటాడు. మంచినీళ్లయినా తాగకుండా పోయాడని మామకు ఆయన మీద ఇప్పటికీ కోపమే.

ఆ పూటే ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఇటుక మీద ఇటుక పెట్టను. కోళ్లకు గూడు కట్టించమని మా ఆవిడ అడిగితే, వాటిని నా మంచం కింద పడుకోమన్నాను.