నీళ్లు రుచి చూడని దీవి

యాభై ఏళ్లు దాటేదాకా నాకు రాయడం రాదు. బడికి పోవలసిన వయసులో పత్తి చేలో ఉన్నాను. పెళ్లయ్యాక నీళ్లు మోశాను. ఆదోనికి వచ్చి, కూతురి పెళ్లి చేసి, చేతులు కాస్త ఖాళీ అయ్యాక పక్క వీధి టీచరమ్మ దగ్గర అక్షరాలు దిద్దాను.

ఆ కూతురు మొన్న ఒక సాయంత్రం బెంగళూరు నుంచి ఫోన్ చేసింది. సెలవులకు స్పెయిన్ పోతున్నారు, నన్నూ తీసుకుపోతారు. అల్లుడు మలాగా అనే సముద్రపు ఒడ్డు ఊరంటాడు. కూతురు లాంజరోటే అనే దీవి అంటుంది.

"మాకు తెగలేదుమా. నువ్వు యాడికంటే ఆడికి. రేపు పొద్దున టికెట్లు తీస్తాం, సెప్పేయ్."

ఎక్కడికి పోతావని నన్ను అడిగినవాళ్లు అంతవరకు లేరు.

ఫోటోలు పంపింది. దీవిలో నేల నల్లగా, మా రేగడి చేల మాదిరే ఉంది. చుట్టూ నీలం నీళ్లు. మనసు అక్కడికే లాగింది.

"ఆడ తాగే నీళ్లు యాడివి?" అని అడిగాను.

"ఏరు లేదు, వాన తక్కువ. సముద్రం నీళ్లకే ఉప్పు తీసి ఇస్తారంట."

ఇక ఒకచోట కూర్చోలేకపోయాను. మా వైపు పిల్లనిచ్చే ముందు ఆ ఊరి నీళ్లు తాగి చూస్తారు. మా నాయన ఎమ్మిగనూరు దగ్గరి పల్లెకు పోయి, చెంబెడు తాగి, తియ్యగున్నాయని నన్నిచ్చాడు. అవి చుట్టాల కోసం పక్క ఊరి బావి నుంచి తెచ్చిన నీళ్లని, కాపురానికి పోయిన మర్నాడు నా చంకకు బిందె ఇచ్చినప్పుడు తెలిసింది. అప్పటినుంచి ఎవరైనా ముస్తాబు చేసి చూపించే నీళ్లంటే నాకు అనుమానం.

ఫోటో తెరుస్తాను, మూస్తాను. వాకిలి దాకా పోయి వస్తాను. మలాగా అనేస్తే తీరిపోతుంది కదా అనుకుంటాను. మళ్లీ ఆ నల్ల నేల గుర్తొస్తుంది. అన్నం సగం వదిలేశాను.

కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చిన పక్కింటి సాయిబులామె గోడ మీదుగా చూసింది.

"ఏందక్కా, కాలు గాలిన పిల్లి మాదిరి తిరుగుతాండావు?"

సంగతి చెప్పాను.

"ఆ నీళ్లే నేను కువైట్‌లో ఆరేండ్లు తాగినా. సచ్చినానా?"

"ఎముకలే కదా తిరిగొచ్చినాయి."

"అది ఆ ఇంటి యజమానమ్మ పెట్టిన తిండికి, నీళ్లకు కాదు." నవ్వింది. "అయినా కాపురానికి పోతాండావా నువ్వు? వారముండి వస్తావు. ఆడ బిందె ఎవురిస్తారు నీకు?"

అయినా కుదురు రాలేదు.

మర్నాడు పొద్దున కొళాయి వచ్చింది. మా వీధికి రోజు తప్పించి రోజు వస్తుంది, వస్తే ఏ పనైనా వదిలేసి నీళ్లు పట్టుకుంటాను. బిందె పెట్టి, ఫోన్ తీసుకుని గడప మీద కూర్చున్నాను. ఎప్పుడూ మాట్లాడి పంపేదాన్ని, ఆ రోజు రాశాను. లాంజరోటే అని ఒక్కో అక్షరం వెతికి కొట్టేసరికి బిందె పొర్లి వాకిట్లోకి పారుతోంది. "అక్కా, నీళ్లు" అని పక్కింటామె కేకేసింది. పంపాకే లేచాను.