శుక్రవారం ఫోనులో జపాన్ పిల్ల

మొన్న ఇక్కడ కువైట్‌లో, ఎగైలా బజారులో సరుకులు కొంటుంటే మా అబ్బాయి బండిలో ఒక పొట్లం పడేశాడు. ఇంటికొచ్చి విప్పితే నల్లటి సముద్రపు నాచు రేకులు, ఎండుచేపల బుట్ట మూత తీసినట్టు వంటిల్లంతా ఉప్పువాసన. జపాన్‌వాళ్లు అన్నం ముద్దకు చుట్టుకునే రేకులివి. ఇవి తాటి తాండ్ర కావని తెలియడానికి నాకు చాలా ఏళ్లే పట్టింది.

తొంభైల చివర్లో మేం ఈ ఊళ్లోనే బ్నీద్ అల్ గార్ పేటలో చిన్న ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. నాన్న ఏసీ మెకానిక్. ఎండాకాలం దుమ్ము లేచి ఆకాశం పసుప్పచ్చగా మారితే, అమ్మ కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కి, అమలాపురం నుంచి తెచ్చుకున్న తాటి తాండ్ర డబ్బా దించి తలో ముక్క కోసి ఇస్తుంటే, నేను టీవీ ముందు బోర్లా పడుకుని, అరబ్బీలో మాట్లాడే బొమ్మల సీరియల్ చూసేదాన్ని. అది ఏ దేశం కథో మాకు తెలియదు. తెరమీద కొట్ల బోర్డులూ, తను విప్పే ఏసీ పెట్టెలమీది రాతలూ ఒకేలా ఉన్నాయని నాన్నే జపాన్ అని తేల్చారు. చెప్పులు బయట విడిచి నేలమీద కూర్చుని తింటారని అమ్మకు వాళ్లంటే మహా గౌరవం, సేమ్యాను అంత చప్పుడు చేస్తూ జుర్రుకోవడం మాత్రం నచ్చేది కాదు.

రేవు పక్క పూటకూళ్లింట్లో ఒక పిల్ల, చేపల వేటకెళ్లి తిరిగిరాని తండ్రి కోసం, పడవెక్కేవాళ్లకు అన్నం ముద్దలు కట్టిస్తూ ఆయన కనిపించాడా అని అడుగుతుంటుంది. అదీ కథ. నాన్నకు పనిలో అబ్బిన యల్లా, ఖలాస్ లాంటి బజారు మాటలకు అందని పుస్తకాల అరబ్బీ అది. బళ్లో నేర్చుకున్న ముక్కలతో నాకు సగం అర్థమయ్యేది, మిగతా సగం బొమ్మలు చూసి అల్లేసేదాన్ని. ముద్దకు చుట్టేది తాండ్రేనని తీర్పు చెప్పింది కూడా నేనే.

నా శ్రోత ఓబులమ్మ పిన్ని. రాయచోటి వైపు మనిషి, మిష్రిఫ్‌లో ఒక కువైటీల ఇంట్లో పని. నాన్న అక్కడ ఏసీ బాగుచేయడానికి వెళ్లి, ఆమె తెలుగు విని, మా ఇంటికి రమ్మన్నారు. మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, శుక్రవారం సాయంత్రాలు పంపేది. అక్కడ పిల్లల బట్టలు మడతపెడుతూ పిన్ని కూడా అదే సీరియల్ చూసేది, ఒక్క మాటా అర్థం కాకపోయినా. మా ఇంటికి రాగానే నాతో కథ చెప్పించుకుని, ఫోన్ కార్డు గీకి, ఊళ్లో ఉన్న కూతురు రమణమ్మకు చెప్పేది. మూడేళ్లప్పుడు వదిలొచ్చిన పిల్ల ఆమెను మరిచిపోయింది; ఫోనిస్తే ఊఁ అనైనా అనకుండా అవ్వ చేతిలో పెట్టి పరిగెత్తేది. జపాన్ పిల్ల కథ మొదలయ్యాకే ఫోను పట్టుకుని నిలబడటం నేర్చింది. మొదటిసారి నోరు విప్పింది, తాటి తాండ్ర అంటే ఏమిటని అడగడానికి. పిన్ని దాన్ని ఎన్నడూ చూసి ఎరగదు. ఫోన్ మూతి చేత్తో మూసి మావైపు కంగారుగా చూస్తే, అమ్మ ఒక ముక్క తుంచి ఆమె నోట్లో పెట్టింది. నములుతూ, ఏడుస్తూ, ఆ రుచి కూతురికి చెప్పింది.

కొన్నాళ్లకు జపాన్ పిల్ల తండ్రి తిరిగొచ్చాడు, సీరియల్ అయిపోయింది. ఆ శుక్రవారం పిన్ని ముందు పెట్టిన బజ్జీలు ముట్టలేదు.

“ఇంగేం చెప్పేది పాపా? కత లేకుంటే నా బిడ్డ ఫోన్ కాడికే రాదు.”

అమ్మే అంది, “అయిపోయిందని నువ్వు చెప్తేగా దానికి తెలిసేది? నీ నోటికొచ్చింది చెప్పెయ్.”

పిన్ని మొదట తడబడింది, తర్వాత ఊపందుకుంది. జపాన్ పిల్ల బస్సెక్కి రాయచోటి వచ్చింది, రాగిసంగటి తినలేక తంటాలు పడింది, వేరుశనక్కాయలు ఒలిచింది, మామిడితోటలో కోతుల్ని తరిమింది. పిన్ని కువైట్ వదిలి ఊరెళ్లేదాకా ఆ కథ ముగియలేదు.

ఇప్పుడు మా పాత బిల్డింగ్ లేదు, గీకే కార్డులు లేవు. ఆ సీరియల్ ఎంత వెతికినా దొరకలేదు, దాని పేరు గుర్తున్నవాళ్లూ తగల్లేదు. పోయినేడు వీడియోలో పిన్నితో మాట్లాడుతుంటే రమణమ్మ పక్కనొచ్చి కూర్చుంది. ఆ కథ నీకైనా పూర్తిగా గుర్తుందా అని ఆశగా అడిగాను.

“కత యాడ వింటినక్కా,” అంది. “మాయమ్మ గొంతు నేర్చుకుంటాంటి.”