ముందుగాల తిను, తర్వాత భయపడు

ఇవాళ చర్ల అవతలి ఊరి నుంచి తిరిగొస్తుంటే జీపులో లవంగం వాసన వచ్చింది. డ్రైవరు బఠాణీలు నములుతున్నాడు. వెనక సీట్లో ఉన్న జ్యోతి, ఆ ఊరి దవాఖానాకు నర్సుగా తీసుకోవడానికి నేను వెంటబెట్టుకెళ్ళిన పిల్ల, ఏమీ నమలడం లేదు. నా దగ్గర లవంగాలు లేవు. లవంగం బుగ్గన పెట్టుకోనిదే మాట మొదలుపెట్టని మనిషిని నా జన్మలో ఒక్కరినే చూశాను. ఆవిడ కిందటి వానాకాలంలో చనిపోయింది.

ఆవిడ సుగుణ మేడం. పినపాక మనిషి. అడవి పల్లెల్లో చిన్న చిన్న దవాఖానాలు నడిపే మా సంస్థలో మనుషుల్ని ఉద్యోగాల్లోకి తీసుకునే పని ఆవిడదే. నేను ఖమ్మంలో ఎంబీఏ చదివి, హెచ్ఆర్ అంటే నాకు తెలియనిదేముందన్న పొగరుతో ఆవిడ కింద చేరాను. మొదటిరోజు నా సర్టిఫికెట్లు చూపించబోతే వాటివైపు కన్నెత్తి చూడలేదు. "అన్నం తిన్నవా బిడ్డా?" అంది. ఉద్యోగానికి ఎవరొచ్చినా ఆవిడ మొదటి ప్రశ్న అదే. ఇదేం ఇంటర్వ్యూరా దేవుడా అనుకున్నాను.

నాకు అప్పగించిన తొలి పని ఆ చర్ల అవతలి ఊరికి నర్సును వెతకడం. వానలు పడితే వాగు పొంగి దారి తెగిపోతుంది. ఊళ్ళో నర్సు లేకపోతే నొప్పులు పడే ఆడవాళ్ళకు దిక్కుండదు. నేను ప్రకటన ఇచ్చాను, అనుభవం కావాలన్నాను, పైవాళ్ళతో పోట్లాడి జీతం పెంచించాను. వచ్చినవాళ్ళు వచ్చినట్టే పోయారు. ఒకమ్మాయి చెప్పులు కూడా వదిలేసి పోయింది. ఆ చెప్పులు చాలాకాలం దవాఖానా గడప దగ్గరే, లోపలికి మొహం పెట్టి ఉండిపోయాయి. వాటిని తీయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

"జీతం ఇంకా పెంచుదామా మేడం?" అని అడిగాను.

"జీతం తక్కువై ఉరుకుతలేరు. మనం ఆ దవాఖానా ఏడ కట్టినమో ఎరికేనా నీకు?"

ఒకప్పుడు ఆ ఊరు అక్కడే ఉండేదట. జ్వరాలు కమ్మి పిల్లలు పోయాక, ఊరు ఊరంతా ఇళ్ళు విప్పుకుని గుట్ట ఇవతలికి వచ్చేసింది. చెట్టు కొట్టే పని లేకుండా చదును నేల దొరికిందని మా వాళ్ళు సంబరపడి దవాఖానా కట్టేశారు. అంత మంచి నేల ఎందుకు ఖాళీగా ఉందని ఒక్కరూ అడగలేదు. పొద్దు వాలితే ఊరివాళ్ళు అటు అడుగు పెట్టరు. నర్సు మాత్రం అక్కడి క్వార్టర్లోనే పడుకోవాలని మా రూలు.

మర్నాడు మేడం నన్ను తీసుకెళ్ళి, ఆ దవాఖానాలో ఒంటరిగా వదిలి తను ఊళ్ళోకి పోయింది. మిట్టమధ్యాహ్నం. ఆకు కదలడం లేదు. పాత పొయ్యిరాళ్ళు గడ్డిలో అక్కడక్కడా కనబడుతున్నాయి. కాసేపటికి గోడ వెనక ఎవరో రోట్లో దంచుతున్న చప్పుడు. వెళ్ళి చూస్తే గడ్డి తప్ప ఏమీ లేదు. లోపలికి రాగానే మళ్ళీ మొదలు. పొద్దు వాలుతుండగా మేడం వచ్చేసరికి నేను గడపలో కొయ్యబారిపోయి ఉన్నాను.

"ఏం విన్నవ్?"

"దంపుడు మేడం! ఎవరో దంచుతున్నారు! నన్ను చంపడానికి తెచ్చారా ఇక్కడికి?"

ఆవిడ నవ్వలేదు. టిఫిన్ డబ్బా మూత తీసి నా ముందుకు జరిపింది. "నేను గూడ విన్న. ముందుగాల తిను, తర్వాత భయపడు."

చిత్రం, ఆ మామిడి తొక్కు పచ్చడి అన్నం నాలుగు ముద్దలు లోపలికి పోయేసరికి నా కాళ్ళ వణుకు తగ్గింది.

అప్పటినుంచి ఆ ఉద్యోగానికి ఇంటర్వ్యూ అక్కడే. మంచి మార్కులున్న ఒకమ్మాయి, మొహం పాలిపోయి, "ఏమీ వినబడలేదు మేడం, అవన్నీ మూఢనమ్మకాలు" అంది. మేడం ఆమెను వద్దంది. నాకు ఒళ్ళు మండింది.

"దయ్యాల్ని నమ్మేవాళ్ళకే ఉద్యోగమా?" అని దెబ్బలాడాను.

"నమ్ముడు గాదు బిడ్డా. ఆ పిల్ల విన్నది. మొహం జూసినవ్ గదా. తన భయం దాసిపెట్టేది, రేపు కాన్పు కాడ చెయ్యి ఆడకపోయినా దాస్తది. వాగు పొంగినంక ఆ తల్లి ఎవరికి చెప్పుకుంటది?"

చివరికి "నాకు భయమైతాంది, రాత్రి ఇక్కడుండ" అని భోరుమన్న పిల్లనే ఆవిడ తీసుకుంది. రూలు పక్కనపెట్టి, ఊళ్ళోనే ఒక ముసలమ్మ ఇంట్లో ఆమెకు పడక ఏర్పాటు చేసింది. పొద్దు వాలితే మందుల సంచీ కూడా ఆ ఇంటికే పోయేది. పెళ్ళయి వెళ్ళేదాకా ఆ పిల్ల ఊరు విడవలేదు.

ఆ పెళ్ళి ఈ వేసవిలోనే జరిగింది. మేడం కుర్చీలో ఇప్పుడు నేనున్నాను. మబ్బులు పట్టాయి. వానల్లోపు నర్సు దొరక్కపోతే ఆ దవాఖానా మూసేస్తామని పైవాళ్ళు చెప్పేశారు. అందుకే ఇవాళ జ్యోతిని అక్కడ వదిలి, ఊళ్ళో కూర్చుని, మేడంలా నిమ్మళంగా ఉండటం చేతకాక గోళ్ళు కొరుక్కున్నాను. జ్యోతిది పర్ణశాల. మేడంను ఎప్పుడూ చూడలేదు. ఆవిడ గురించి నేనూ ఏమీ చెప్పలేదు.

పొద్దు వాలుతుండగా వెళ్ళి, "ఏం విన్నావు?" అని అడిగాను.

"గోడెనక ఎవరో దంచుతున్నరు మేడం. మస్తు భయమైంది, ఏడ్చిన. గప్పుడే లోపటి గదిలకెల్లి ఒక పెద్దామె 'అన్నం తిన్నవా బిడ్డా' అన్నది. తినలే అన్న. 'ముందుగాల తిను, తర్వాత భయపడు' అన్నది. మీరే తోడు పంపిన్రనుకున్న. డబ్బ ఇప్పుకొని తిన్న." ఖాళీ డబ్బా సర్దుకుంటూ, "ఆమె మనతోని రాదా మేడం?" అని అడిగింది.

లోపలి గదికి తాళం వేసి ఉంది. తాళంచెవి నా సంచీలో ఉంది.

"ఉద్యోగం నీదే" అన్నాను.

ఇప్పుడు జీపు వాగు దాటుతోంది. లవంగం వాసన ఇంకా పోలేదు. భయంగానే ఉంది, అబద్ధమెందుకు. కానీ ఆవిడ పోయాక ఇన్నాళ్ళకు మొదటిసారి నాకు ఏడుపు కూడా వచ్చింది. అద్దంలో చూస్తే జ్యోతి, పక్కన ఇంకొకరికి చోటిచ్చినట్టు, కిటికీ వైపు ఒదిగి కూర్చుని ఉంది. నేను వెనక్కి తిరగలేదు. పొద్దుటినుంచి ముట్టని నా టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని, మూత తీసి, తినడం మొదలుపెట్టాను.