స్వామివారి సమాధి బండ

తాండూరులో మా మేనమామ ఇంట్లో ఒక స్వామి ఎండాకాలమంతా మకాం వేశాడు. ఇంకా బతకాలన్న ఆశే బంధమని, తనకా ఆశ ఎప్పుడో పోయిందని రోజూ చెప్పేవాడు. నాపరాయి గనిలో పనిచేసే మామ అది నమ్మాడు. మంచి బండ ఏరి, నున్నగా చెక్కించి, స్వామి ముందు దించాడు.

"ఇదెందుకు?" అన్నాడు స్వామి.

"మీ సమాధికి, సామీ. గప్పుడు మంచిది దొర్కకుంటె పరేషాన్ గదా."

మరునాడే స్వామి గాలి మార్పుకని వికారాబాద్ కొండలకు వెళ్లిపోయాడు. మోక్షసాధనకు ఆయుష్షు చాలా అవసరమని రైలెక్కుతూ సెలవిచ్చాడు.

ఆ బండ మీద మా అత్త బతికినన్నాళ్లూ బట్టలుతికింది. ఆమె దినాలకు వచ్చిన స్వామి, దాని మీదే కాళ్లు కడుక్కుని, దేహం అశాశ్వతమని మాకు బోధించాడు.